తుపాకీ సముద్రం దాటాలంటే పని కలెక్టరాఫీసులో మొదలవ్వాలి

విదేశంలో వేటకు సొంత రైఫిల్ తీసుకుపోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది, ఆ దేశం పర్మిట్ ఇస్తుందా అని. దక్షిణాఫ్రికా ఇస్తుంది, నమీబియా ఇస్తుంది, కెనడా, అమెరికా కూడా ఇస్తాయి. బయటి వేటగాళ్లు వస్తే తమకు ఆదాయమని తెలిసిన దేశాలు అందుకు కావలసిన ఫారాలు, నియమాలు ఎప్పుడో సిద్ధం చేసిపెట్టుకున్నాయి. నన్ను కలవరపెట్టే ప్రశ్న వేరే ఉంది. అనంతపురం నుంచో, కర్నూలు నుంచో, కడప నుంచో బయలుదేరే మనిషి చేతిలోని లైసెన్సు పుస్తకం ఆ పర్మిట్‌కు ఆధారంగా నిలబడుతుందా? జిల్లా కలెక్టరాఫీసులో ఆయుధాల లైసెన్సుల ఫైళ్లు చూసే సీటులో ఏళ్ల తరబడి పనిచేశాను. రిటైరైన తరువాత కూడా తెలిసినవాళ్లు ఆ పుస్తకాలు పట్టుకుని ఇంటికి వస్తూనే ఉన్నారు. అందుకే గట్టిగా చెబుతున్నాను: విదేశీ పర్మిట్ పని మన లైసెన్సుతో మొదలవుతుంది. దాన్ని తుపాకీ యజమాని తానే చదివి, తానే నింపి, తానే సంతకం చేయాలి. ఏజెంటు చేతిలో పెట్టి నిశ్చింతగా పడుకునే పని కాదిది.

ముందుగా ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది, 1991 సవరణతో లైసెన్సు మీద ఆడే వేట కూడా పోయింది. రాత్రికి రాత్రే అడవి పందులు దిగి చెనిక్కాయ చేను తవ్విపోసినా, రైతు తనంతట తాను తుపాకీ ఎత్తకూడదు. చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే ఎత్తాలి. ఇక్కడ తప్పయిన పని అక్కడికి పోయి చేయడం ఏం సబబని పెద్దవాళ్లు అడుగుతారు, అడగవలసిందే. నమీబియా 1996లో చట్టం సవరించి వన్యప్రాణుల మీద పల్లె సమాజాలకే హక్కులిచ్చింది, వేటగాళ్లు కట్టే డబ్బులో భాగం ఆ సమాజాలకు చేరుతుంది. అక్కడ ఏ జంతువును, ఎన్నింటిని వేటాడవచ్చో అధికారులు నిర్ణయిస్తారు. ఆ పద్ధతి నచ్చనివాళ్లు ఉండవచ్చు, వాళ్ల మాటను నేను తీసిపారెయ్యను. కాని పోవాలని నిశ్చయించుకున్నవాడు ఏ చట్టమూ దాటకుండా పోయి రావాలన్న విషయంలో ఇద్దరికీ పేచీ ఉండనక్కరలేదు.

ఇక మన లైసెన్సు సంగతి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో రెండు రకాల తుపాకులకు కాస్త వెసులుబాటు ఉంది. ఆత్మరక్షణకో క్రీడకో వాడే, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్న గొట్టపు తుపాకీ ఒకటి. నిజంగా పంట కాపాడుకోవడానికి వాడే, మూతి నుంచి మందు దట్టించే తుపాకీ రెండవది. మన జిల్లాల్లో పాత లైసెన్సులు ఎక్కువగా ఆత్మరక్షణ కోసమో పంట రక్షణ కోసమో తీసుకున్నవే. విదేశీ పోలీసు అధికారి ఆ పుస్తకం తెరిచినప్పుడు మొదట చూసేది తుపాకీ రకం, నంబరు, గడువు. ఆ తరువాత లైసెన్సు ఏ ప్రయోజనానికి ఇచ్చారన్నది. పంట రక్షణ అని రాసి ఉన్న పుస్తకంతో ఆఫ్రికాలో జింకల వేటకు వచ్చానంటే అతనికి సందేహం రావడం సహజం. ఆ సందేహాన్ని తీర్చే వివరణ లేఖ మన చేతిలో ముందే ఉండాలి. ఆత్మరక్షణ కోసం ఇచ్చిన రివాల్వర్‌ను సరదాగా వెంట తీసుకుపోదామనుకునేవాళ్లకైతే ఒకటే మాట: ఆ ఆలోచన మానుకోండి. దక్షిణాఫ్రికా ఆత్మరక్షణ పేరుతో వచ్చే సందర్శకుడికి చేతి తుపాకీ అనుమతించదు.

నంబరు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. తాడిపత్రి వైపు నుంచి ఒక పెద్దమనిషి తండ్రి నుంచి వచ్చిన రైఫిల్ లైసెన్సు పుస్తకం తెచ్చాడు. పుస్తకంలో నంబరు మధ్యన మూడు ఉంది. తుపాకీ ఇంట్లోనే ఉందంటే నేనే వెళ్లాను. రైఫిల్‌లో తూటా కూర్చునే గదికి పైన, నంబరు పొడిచిన చోట నూనె జిడ్డు గట్టిపడి, అంచులు అరిగి, ఆ అంకె మూడో ఎనిమిదో తెలియకుండా ఉంది. మెత్తటి గుడ్డతో జిడ్డు తీసి, సుద్దముక్క పొడి చేసి ఆ గుంటల్లో రుద్ది, పైపొడి వేలితో తుడిచేస్తే తెల్లగా తేలింది ఎనిమిది. భూతద్దంలో అతని కొడుకు చూశాడు, కోడలు చూసింది, అందరూ ఎనిమిదే అన్నారు. తండ్రి కాలంలో ఎవరో గుమాస్తా మూడని రాసుకున్నాడు, ప్రతి రెన్యువల్‌లోనూ ఆ మూడే ముందుకు నడిచింది. మన దేశంలో ఆ పొరపాటును ఇన్నేళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. విదేశీ విమానాశ్రయంలో మాత్రం పోలీసు అధికారి తుపాకీ మీది అంకెలను, ఫారంలోని అంకెలను, లైసెన్సులోని అంకెలను వరుసగా సరిచూస్తాడు. ఒక్క అంకె తేడా వస్తే, అది నీ తుపాకీ అని రుజువు చేసే కాగితమే నీ దగ్గర లేదని అతని లెక్క. ఆ లెక్క తప్పని నేననను. దీనికి మందు ఇక్కడే ఉంది: లైసెన్సు ఇచ్చిన అధికారికి దరఖాస్తు పెట్టి, తుపాకీని పోలీసు తనిఖీకి చూపించి, దిద్దిన ఎంట్రీ పక్కన అధికారి సంతకం, సీలు వేయించుకోవాలి. దానికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. టికెట్టు కొన్న తరువాత మొదలుపెట్టే పని కాదు.

పేరు సంగతీ ఇంతే. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి ఉంటుంది. ఒకచోట రామిరెడ్డి కలిసి ఉంటుంది, మరోచోట రామి, రెడ్డి విడివిడిగా ఉంటాయి. మనకు అది చిన్న విషయం. మన పేర్ల తీరు తెలియని అధికారికి వాళ్లు ఇద్దరు మనుషులు. పాస్‌పోర్టులో ఉన్నట్టే లైసెన్సులోనూ పేరు మార్పించుకోవడం ఉత్తమం. పాత పుస్తకమైతే యూఐఎన్ నంబరు, అంటే లైసెన్సుదారుకు ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. జాతీయ డేటాబేస్‌లో ఆ నంబరు లేని లైసెన్సు చెల్లదు.

మన మూడు జిల్లాలవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది, దాన్ని ఏజెంట్లు ఎవరూ చెప్పగా నేను వినలేదు. మనవాళ్లు విదేశీ విమానం ఎక్కే పెద్ద విమానాశ్రయాలు రాష్ట్రం బయటే ఉన్నాయి. అనంతపురంవాళ్లు కొడికొండ చెక్‌పోస్టు దాటి బెంగళూరు పోవాలి. కర్నూలువాళ్లు తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. కడపవాళ్లు చెన్నైకి పోతే తమిళనాడు. లైసెన్సు పుస్తకంలో చెల్లుబాటు ప్రాంతం అనే గడి ఉంటుంది. అందులో ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే, ఆ తుపాకీని కారు డిక్కీలో పెట్టుకుని బెంగళూరు విమానాశ్రయమున్న దేవనహళ్లి వైపు బయలుదేరిన మనిషి విదేశానికి చేరకముందే, పక్క రాష్ట్రంలో అడుగుపెట్టగానే చట్టం తప్పుతాడు. జొహానెస్‌బర్గ్ పర్మిట్ గురించి నెలల తరబడి ఆలోచించి, కొడికొండ గురించి ఒక్క నిమిషం ఆలోచించకపోవడం నేను కళ్లారా చూశాను. చెల్లుబాటు ప్రాంతం పెంచమని అడగడం మొదటి దరఖాస్తు కావాలి, మిగిలినవన్నీ దాని తరువాతే.

దేశం దాటించడానికి మన చట్టం ఏమంటుంది? ఆయుధాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఆయుధాలు దేశంలోకి తేవాలన్నా, బయటికి తీసుకుపోవాలన్నా లైసెన్సు కావాలి. చట్టబద్ధంగా తుపాకీ కలిగి ఉండే హక్కున్న వ్యక్తి మాత్రం తన సొంత వాడకానికి, సమంజసమైన పరిమాణంలో, విడిగా ఆ లైసెన్సు లేకుండానే తీసుకుపోవచ్చు, తిరిగి తెచ్చుకోవచ్చు. ఇంతవరకే చదివి సంతోషించేవాళ్లు చాలామంది. అదే సెక్షన్‌లో తరువాతి భాగం చూడాలి: ఈ మినహాయింపు ఈ మనిషికి వర్తిస్తుందా, ఈ పరిమాణం సమంజసమేనా, దీన్ని దేనికి వాడతాడు అన్న విషయాల్లో కస్టమ్స్ అధికారికి సందేహం వస్తే, కేంద్ర ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చేదాకా తుపాకీని ఆపి ఉంచవచ్చు. అంటే మినహాయింపు ఉంది గాని, అది కాగితం రూపంలో మన చేతిలో లేదు. అందువల్ల బయలుదేరే రోజున కస్టమ్స్ దగ్గర ఆగి, తుపాకీ నంబరుతో సహా ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోవడం తప్పనిసరని నా అభిప్రాయం. ప్రయాణికుడికి సుంకం లేకుండా వదిలే సామానులో తుపాకులు రావు. ఇది ఇక్కడి నుంచి పోయినదే అని చూపించే కాగితం లేకపోతే తిరుగు ప్రయాణంలో సొంత తుపాకీకే సుంకం అడిగే పరిస్థితి రావచ్చు. ఇంకొక మాట: ఎన్నికల ముందు లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో అప్పగించమని ఉత్తర్వులు వస్తాయి. మన ప్రాంతంలో అది మరింత పట్టుదలగా జరుగుతుంది. ఆ కాలంలో వేట యాత్ర పెట్టుకోవద్దు.

ఇప్పుడు అవతలి ఫారం. దక్షిణాఫ్రికా పోలీసుల తాత్కాలిక దిగుమతి దరఖాస్తు పేరు ఎస్‌ఏపీఎస్ 520. నల్ల సిరాతో నింపాలి. పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, మన లైసెన్సు నకలు, అక్కడ వేట ఏర్పాటు చేసేవారు తేదీలు, చోటు రాసి పంపిన ఆహ్వాన లేఖ, ఈ తుపాకీ ఈ వేటకు ఎందుకు కావాలో మనమే రాసిన వివరణ లేఖ జతపరచాలి. ఒక్కో క్యాలిబర్‌కు, అంటే గొట్టం లోపలి కొలతకు, ఒక్క తుపాకీ, ఒక్కో తుపాకీకి 200 తూటాలు మించకూడదు. ఈ ఫారంలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఒకటుంది: దరఖాస్తుదారు ముందుగా సంతకం పెట్టకూడదు, పోలీసు అధికారి ఎదుటే పెట్టాలి. కెనడా ఫారం కూడా ఇంతే. సరిహద్దు అధికారి చూస్తుండగా సంతకం చేసి, ఫీజు కడితే ఆ ఫారం 60 రోజులు లైసెన్సుగా పనిచేస్తుంది. అంటే ఈ తుపాకీ గురించి జవాబు చెప్పగల మనిషి ఎదురుగా నిలబడాలని ఆ దేశాలు కోరుకుంటున్నాయి. ఫీజు తీసుకున్న ఏజెంటు ఆ కౌంటర్ దగ్గర ఉండడు.

ఒక పరిచయస్తుడి విషయంలో జరిగింది చెబుతాను. అతనిది మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారైన .315 రైఫిల్. ఫారం నింపిన ఏజెంటు క్యాలిబర్ గడిలో 8 ఎం.ఎం. అని రాశాడు. రెండూ ఒకటే కదా అని అతని వాదన. ఆఫ్రికాలో 8 ఎం.ఎం. అంటే వేరే తూటా గుర్తుకొస్తుంది, లైసెన్సులో.315 అని ఉంది, తూటాల పెట్టె మీద కూడా అదే ఉంది. అధికారి అడిగిన ప్రశ్నకు మావాడు జవాబు చెప్పలేకపోయాడు, ఎందుకంటే ఫారంలో ఏముందో అతను చదవనే లేదు. రైఫిల్ అక్కడే భద్రపరిచారు, తిరిగి వచ్చేరోజు ఇచ్చారు. వేటంతా అద్దె రైఫిల్‌తోనే గడిచింది. కేసు పెట్టలేదు, అంతవరకు అతను అదృష్టవంతుడు.

ఆ .315 గురించి ఎవరూ తేల్చి చెప్పని మాట చెప్పాలి. అది మన దేశపు నియమాలకు తగినట్టు పుట్టిన రైఫిల్. సైన్యం వాడిన .303 నిషిద్ధ బోర్, అంటే మామూలు పౌరులకు లైసెన్సు ఇవ్వని కొలత, కాబట్టి పౌరుల చేతికి వచ్చినది అది. దాని తూటా విదేశీ దుకాణాల్లో దొరుకుతుందని నమ్ముకోవడానికి లేదు. విమానంలో ఒక్కొక్కరికి తూటాలు మొత్తం అయిదు కిలోలు మించకూడదు. ఆ పెట్టె దారిలో ఎక్కడైనా చిక్కుకుపోతే, రైఫిల్ చేరినా కాల్చడానికేమీ ఉండదు. అడవి దున్న, ఏనుగు వంటి ప్రమాదకర జంతువుల వేటకైతే ఆఫ్రికా దేశాలు చాలావరకు .375 కన్నా చిన్న క్యాలిబర్ ఒప్పుకోవు. కాబట్టి మొదటిసారి పోయేవారికి, .315 తప్ప మరో రైఫిల్ లేనివారికి నా సలహా అద్దె రైఫిలే. వేట ఏర్పాటు చేసేవాడి రైఫిల్‌ను అతని పర్యవేక్షణలో వాడితే దిగుమతి పర్మిట్ ఊసే ఉండదు. తాతనాటి తుపాకీతో ఆఫ్రికాలో వేటాడాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. కాని దారి పొడవునా అక్రమమైపోయే ప్రమాదమున్న తుపాకీ ఆ తాతకు గౌరవం తెచ్చిపెట్టదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకచోట పొంచి ఉంది, దాని మీద మన ఇళ్లలో మాట్లాడేవాళ్లు తక్కువ. మన పిల్లలు ఎందరో టెక్సాస్‌లో ఉన్నారు. అక్కడా అడవి పందులు పంటలను పాడుచేస్తాయి. 2019 సెప్టెంబరు 1 నుంచి, భూమి యజమాని ఒప్పుకుంటే, ప్రైవేటు భూమిలో అడవి పందులను వేటాడడానికి టెక్సాస్ రాష్ట్రం వేట లైసెన్సు అడగడం లేదు. ఈ మాట వినగానే శనివారం స్నేహితుడి పొలానికి పోయి, అతని రైఫిల్ చేతిలోకి తీసుకునే కుర్రవాడు హెచ్-1బీ వీసా మీదో విద్యార్థి వీసా మీదో ఉండవచ్చు. అతనికి రాష్ట్ర చట్టం ఒక్కటే కాదు, అమెరికా కేంద్ర చట్టమూ వర్తిస్తుంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని కలిగి ఉండడం ఆ చట్టం కింద నేరం. 2022 సవరణ తరువాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. దీనికున్న ముఖ్యమైన మినహాయింపు, అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు దగ్గర ఉండడం. అంటే పంది కోసం రాష్ట్రం అడగని లైసెన్సును, తన రక్షణ కోసం ఆ కుర్రవాడు కొనుక్కోవాలి. ఇక్కడి నుంచి కొడుకు దగ్గరికి పోయే తండ్రి తన తుపాకీ తీసుకుపోవాలంటే అమెరికాలో తుపాకుల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ వారి 6ఎన్ఐఏ ఫారం ముందుగా మంజూరు కావాలి, దానికీ ఆ వేట లైసెన్సు నకలు జతపరచాలి. లైసెన్సు ఇంటర్నెట్‌లో కొనవచ్చు. ఇంత తేలికైన కాగితం లేక ఒక పిల్లవాడి వీసా, ఉద్యోగం, జీవితం చిక్కుల్లో పడితే ఆ తల్లిదండ్రులకు ఏమని చెబుతాం? దయచేసి ఈ ఒక్క పేరా మీ పిల్లలకు చదివి వినిపించండి.

ఏజెంట్లు వద్దంటే ఇంగ్లిషు రాని రైతు ఏం చేయాలని ఒక మిత్రుడు నాతో వాదించాడు. సాయం తీసుకోవద్దని నేననలేదు. చదువుకున్న మనుమడో మనుమరాలో పక్కన కూర్చుని ఒక్కొక్క గడినీ తెలుగులో చదివి వినిపిస్తే, పెద్దాయన జవాబు చెబితే, ఆ జవాబే పిల్ల రాస్తే, ఆ ఫారం ఆయనదే. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేస్తే అది ఆయనది కాదు, కాని కటకటాల వెనక్కి పోయేది మాత్రం ఆయనే. మన సీమ పేరు చెబితేనే ముఠా కక్షలు, నాటు బాంబులు గుర్తుచేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నియమం తప్పకుండా లైసెన్సు నడుపుకునే వందల కుటుంబాలకు అది పెద్ద అన్యాయం. అందుకే మనవాళ్ల కాగితాలు ఎవరు ఎటు తిప్పి చూసినా తప్పు పట్టలేనట్టు ఉండాలని నేను కోరుకుంటాను.

ఈ విషయంలో ప్రభుత్వం చేయగలిగిన పని కూడా ఒకటుంది. తుపాకీ రకం, నంబరు, క్యాలిబర్, లైసెన్సు గడువు, యజమాని పాస్‌పోర్టు ప్రకారం పేరు, ఇవన్నీ డేటాబేస్‌తో సరిచూసి, ఇంగ్లిషులో ఒక పేజీ ధ్రువీకరణ లేఖను కలెక్టరాఫీసు నుంచి నిర్ణీత గడువులో ఇచ్చే ఏర్పాటు చేయాలి. సమాచారమంతా ఆ ఆఫీసులోనే ఉంది, కొత్తగా సేకరించవలసింది లేదు. ఆ ఒక్క పేజీ ఉంటే ఏజెంట్ల వ్యాపారంలో సగం మూతపడుతుంది, విదేశీ అధికారికి మన చేతిరాత పుస్తకం చదివే బాధ తప్పుతుంది.

తిరిగి వచ్చాక పని అయిపోలేదు. వేటాడిన జంతువు కొమ్ములు, తోలు తెచ్చుకోవాలంటే అది వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం, మన వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతుల వ్యవహారం, ఫొటోతో సరిపెట్టుకోమంటాను. తూటాల లెక్క మాత్రం వదలకూడదు. ఎన్ని తీసుకుపోయారు, ఎన్ని కాల్చారు, ఎన్ని మిగిలాయి అన్నది వేట ఏర్పాటు చేసినవారి చేత కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోవాలి. కస్టమ్స్ కాగితాలతో పాటు దాన్ని లైసెన్సు పుస్తకంలోనే భద్రపరచాలి. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు అయిదేళ్లు. ఆ అయిదేళ్లూ నిండి రెన్యువల్‌కు పోయినరోజు, అక్కడ కూర్చున్న గుమాస్తా తూటాల లెక్క అడుగుతాడు. నేనైతే తప్పకుండా అడిగేవాణ్ణి.